వెచ్చని గది కింద

ఒక వేసవి శిక్షణ తరగతిలో మేము ఈ బొమ్మను మొదటిసారి చూశాం. బడిలో పిల్లలకు బొమ్మలు ఎలా చూపించాలి, బొమ్మ గురించి వాళ్లచేత ఎలా మాట్లాడించాలి అన్నది ఆ రోజు పాఠం. గోడకు తెల్లగుడ్డ కట్టి ప్రొజెక్టరు మీద విదేశీ చిత్రకారుల బొమ్మలు ఒక్కొక్కటే వేస్తున్నారు. పొలాలు, పడవలు, రాజులు అయిపోయాక ఈ బొమ్మ వచ్చింది. పాలరాతి బల్ల మీద ఒక ఆడమనిషి వెల్లకిలా పడుకుని ఉంది. ఒంటి మీద నూలుపోగు లేదు. గదిలో మాట ఆగిపోయింది. కొందరం తల దించుకున్నాం, కొందరం నవ్వు ఆపుకున్నాం. శిక్షణ ఇచ్చే సారు గబగబా తర్వాతి బొమ్మకు పోబోయారు.

అప్పుడు వెనక వరసలోంచి మా గూడెం వైపు టీచరమ్మ ఒకామె లేచింది. "ఒక్క నిమిషం ఆగండి సార్. ఆమెకు నీళ్లు ఎవరు కాచారు?" అని అడిగింది.

అందరం నవ్వాం. ఆమె మాత్రం నవ్వలేదు. ఆశ్రమ పాఠశాలలో చదివిన రోజుల్లో బడి అయ్యాక అడవికి పోయి వంటకు కట్టెలు తెచ్చిన పిల్ల ఆమె. వేడి నీళ్లు కనబడితే కట్టెలమోపు గుర్తుకు రావడం ఆమెకు సహజం. సారు దగ్గర జవాబు లేదు, మా దగ్గరా లేదు. ఆ జవాబు కోసం తర్వాత మేము కొంత చదివాం, బొమ్మను మళ్లీ మళ్లీ చూశాం. అలా తెలుసుకున్నది మన పిల్లల కోసం, తోటి టీచర్ల కోసం ఇక్కడ రాస్తున్నాం.

ముందు బొమ్మ సంగతి. దీని పేరు 'ఇన్ ది టెపిడేరియం'. పాత రోము నగరాల స్నానశాలల్లో మూడు ముఖ్యమైన గదులుండేవి. చన్నీళ్ల గది, గోరువెచ్చని గది, బాగా వేడిగా ఉండే గది. వాటిలో గోరువెచ్చని గది పేరు టెపిడేరియం. బొమ్మ గీసింది 1881లో, చెక్కపలక మీద తైలవర్ణాలతో. గోడ మీద వెలుగులో చూసి మేము దీన్ని పెద్ద బొమ్మ అనుకున్నాం. నిజానికి దాని ఎత్తు 24 సెంటీమీటర్లు, వెడల్పు 33 సెంటీమీటర్లు. అంటే మన పిల్లలు పరీక్షకు తీసుకెళ్లే అట్టంత. ఇంత చిన్న బొమ్మను పదిమంది కలిసి చూడలేరు. ఒక్కరే దగ్గరికి వంగి చూడాలి. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

గీసినవాడు లారెన్స్ ఆల్మా-టడేమా. 1836లో నెదర్లాండ్స్‌లో పుట్టాడు, బెల్జియంలోని ఆంట్‌వెర్ప్‌లో చిత్రకళ చదివాడు, 1870లో లండన్ చేరి అక్కడే స్థిరపడ్డాడు. 1863లో పెళ్లయిన కొత్తలో భార్యతో ఇటలీ వెళ్లి పాంపే చూశాడు. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బూడిదలో పూడ్చేసిన ఊరది. అప్పటినుంచి ఆయనకు పాత రోము తప్ప వేరే లోకం పెద్దగా పట్టలేదు. శిథిలాల ఫొటోలు వందలు కూడబెట్టాడు. గిన్నె గీసినా, గడప గీసినా ఏదో ఒక ఆధారం చూసుకుని గీసేవాడు. గ్రీకు, రోము కాలాల రూపాల్ని మళ్లీ బతికించే ఈ ధోరణిని నియోక్లాసికల్ అంటారు. ఇంగ్లండులో ఆ ధోరణి చివరి రోజుల్లో బాగా పేరున్నవాళ్లలో ఈయన ఒకడు. 1899లో బ్రిటిష్ ప్రభుత్వం సర్ బిరుదు ఇచ్చింది.

ఆయన పనితనాన్ని తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. పాలరాయి గీయడంలో ఆయనకు ఆయనే సాటి అని పేరు. ఈ బొమ్మలో రాయి చల్లదనం, దాని మీద పరిచిన జంతుచర్మం మెత్తదనం, ఆమె ఒంటి వెచ్చదనం మూడూ వేరువేరుగా కంటికి తెలుస్తాయి. బుగ్గలు వేడికి ఎర్రబడ్డాయి. కళ్లు మూతలు పడుతున్నాయి. ఎడమచేతిలో నిప్పుకోడి ఈకల విసనకర్ర ఉంది. కుడిచేతిలో కొడవలిలా వంగిన ఒక పనిముట్టు జారిపోతున్నట్టు ఉంది. ఒక మనిషి అలసట తీరి నిద్రలోకి జారే క్షణం అది. ఆ క్షణాన్ని రంగుల్లో పట్టుకోవడం మాటలు కాదు.

ఇప్పుడు టీచరమ్మ ప్రశ్నకు వద్దాం. ఈ గది వెచ్చగా ఉంది. బొమ్మలో పొయ్యి లేదు, పొగ లేదు, మసి లేదు. మరి వేడి ఎక్కడినుంచి వచ్చింది?

నేల కిందనుంచి. రోము ఇంజనీర్లు వేడి గదుల నేలను ఇటుకల చిన్న చిన్న స్తంభాల మీద నిలబెట్టేవారు. విట్రూవియస్ అనే రోము వాస్తుశాస్త్రజ్ఞుడు రెండు వేల ఏళ్ల కిందటే ఆ పద్ధతి రాసి పెట్టాడు. స్తంభాలు రెండడుగుల ఎత్తు ఉండాలి. కింది నేల పొయ్యి వైపు వాలుగా ఉండాలి. ఎంత వాలు అంటే, లోపలికి బంతి విసిరితే అది ఆగకుండా దొర్లుకుంటూ పొయ్యి నోటి దగ్గరికి తిరిగి రావాలి. అప్పుడు మంట నేల కింద అంతటా పాకుతుంది. గోడల లోపల కూడా బోలు పెంకులు పెట్టి వేడి గాలిని పైకి పంపేవారు. పైన నడిచేవాళ్ల కాళ్లకు రాయి వెచ్చగా తగిలేది, అంతే. మంట కంటికి కనబడేది కాదు.

ఆ పొయ్యి దగ్గర కూర్చున్నవాళ్లు ఎక్కువగా బానిసలు. యుద్ధాల్లో పట్టుబడ్డవాళ్లు, సంతలో కొనితెచ్చినవాళ్లు, బానిసకు పుట్టి బానిసలైనవాళ్లు. కట్టెలు మోయాలి, మంట ఆరకుండా చూడాలి, బూడిద తీయాలి. వాళ్ల పేర్లు చరిత్రలో దొరకడం అరుదు. కానీ ఒక చోట అలాంటివాడు ఒకడు కనిపిస్తాడు, అదీ న్యాయశాస్త్రంలో. ఉల్పియన్ అనే రోము న్యాయకోవిదుడు ఒక కేసు చర్చించాడు. ఒక కౌలుదారు దగ్గర పొయ్యి కాసే బానిస పొయ్యి దగ్గరే నిద్రపోయాడు. మంట అంటుకుని ఇల్లు కాలిపోయింది. ఆ నష్టం ఎవరు కట్టాలి? ఇదీ చర్చ. అతను ఎందుకు నిద్రపోయాడు, ఎన్ని రాత్రులు మేలుకున్నాడు, కాలిపోయాడా బతికాడా అన్నది అక్కడ ఎవరికీ పట్టలేదు.

ఈ ఇద్దరి నిద్రనూ పక్కపక్కన పెట్టి చూడండి. పైన పాలరాతి మీద నిద్రపోతున్న మనిషి చిత్రకళలో అందానికి గుర్తుగా నిలిచింది. కింద పొయ్యి దగ్గర నిద్రపోయిన మనిషి చట్టంలో నష్టం కేసుగా మిగిలాడు.

ఇక ఆమె కుడిచేతిలో ఉన్న పనిముట్టు. దాని పేరు స్ట్రిజిల్. రోము జనం ఒంటికి సబ్బు రాసుకునేవారు కాదు. నూనె పట్టించి, చెమట పట్టాక, ఈ వంకర పనిముట్టుతో నూనెనూ మురికినీ కలిపి గీకేసేవారు. మన పెద్దవాళ్లు ఒళ్లంతా నూనె పట్టించి నలుగు పెట్టినట్టే. కానీ వీపు గీకాలంటే ఇంకో మనిషి కావాలి. దీని మీద ఒక పాత కథ ఉంది. హేడ్రియన్ చక్రవర్తి ఒకనాడు స్నానశాలలో ఒక ముసలి సిపాయి గోడకు వీపు రుద్దుకోవడం చూశాడట. ఎందుకని అడిగితే, రుద్దడానికి బానిస లేడన్నాడట. చక్రవర్తి జాలిపడి అతనికి బానిసల్ని, వాళ్లను పోషించడానికి డబ్బునూ ఇచ్చాడు. మర్నాడు చూస్తే బోలెడుమంది ముసలివాళ్లు గోడలకు వీపులు రుద్దుకుంటున్నారు. చక్రవర్తి నవ్వి, ఒకరి వీపు ఒకరు రుద్దుకోండి అన్నాడు. పిల్లలకు చెబితే నవ్వుకునే కథ ఇది. నవ్వాక ఒక్క మాట అడగాలి. మొదటి రోజు బహుమానంగా ఇచ్చింది ఏమిటి? మనుషుల్ని.

ఇంకో నిజం కూడా చెప్పాలి, లేకపోతే రోముకు అన్యాయం చేసినవాళ్లం అవుతాం. స్నానశాల ధనవంతులది మాత్రమే కాదు. మామూలు జనం కూడా కొద్దిపాటి నాణెం ఇచ్చి వెళ్లేవారు. ఇప్పటి పోర్చుగల్‌లో ఉన్న విపాస్కా అనే గనుల ఊళ్లో స్నానశాల నియమాలు చెక్కిన కంచు రేకు దొరికింది. పొద్దున్నే ఆడవాళ్లకు, మధ్యాహ్నం తర్వాత మగవాళ్లకు. మగవాడికి అర నాణెం, ఆడమనిషికి ఒక నాణెం. పనిచేసే ఊరి ఆడవాళ్లు మగవాళ్లకు రెట్టింపు డబ్బు కట్టి స్నానం చేసి, ఎండ నెత్తిమీదికి వచ్చేసరికి బయటికి వచ్చేవారన్నమాట. వాళ్లు గుంపుగా వెళ్లి ఉంటారు, కబుర్లు చెప్పుకుని ఉంటారు. మన వాగు రేవులో మన ఆడవాళ్లలాగే. ఆల్మా-టడేమా బొమ్మలో ఆ గుంపు లేదు. ఒక్కతే ఉంది. స్నానశాల అంటే పదిమంది చోటు. దాన్ని ఆయన ఒంటరి పడకగదిలా మార్చేశాడు.

ఎందుకు మార్చాడు? ఇక్కడే బొమ్మ చిన్నదన్న సంగతి పనికొస్తుంది. ఒక్కరే వంగి చూసే బొమ్మలో ఒక్కతే ఉండాలి. ఆమె కళ్లు మనల్ని చూడకూడదు. ఆమెకు మనం వచ్చినట్టు తెలియకూడదు. 1881 నాటి ఇంగ్లండులో పెద్దమనుషుల ఇళ్లల్లో మర్యాదల పట్టింపు చాలా ఎక్కువ. తమ ఊరి ఆడమనిషిని, తమ కాలపు స్నానాలగదిలో ఇలా గీసి ఉంటే పెద్ద గొడవ అయ్యేది. కానీ చేతిలో స్ట్రిజిల్ పెట్టి, కింద పాలరాయి పరిచి, పైన లాటిన్ పేరు పెడితే అది చరిత్ర అవుతుంది, విద్య అవుతుంది. చూసేవాడు సిగ్గుపడకుండా చూడవచ్చు. ఎంతో శ్రద్ధగా కూడబెట్టిన ఆధారాలన్నీ ఈ ఒక్క చూపుకు అనుమతి పత్రంలా పనిచేశాయి. ఈ బొమ్మ మీద మా విమర్శ ఇదే. ఒళ్లు చూపినందుకు కాదు. చూడ్డానికి చరిత్రను సాకు చేసినందుకు.

ఈ సాకు మనకు కొత్త కాదు. మా అమ్మమ్మల కాలంలో రవికె తొడుక్కునే అలవాటు లేదు. చీరకొంగు భుజం మీదుగా ముడివేసుకుని పొలం పోయేవారు, సంతకు పోయేవారు. అందులో వాళ్లకు సిగ్గు లేదు, చూసే మనవాళ్లకూ తప్పు తోచలేదు. కెమెరా పట్టుకుని వచ్చినవాళ్లకు మాత్రం అది వేరుగా కనిపించింది. మా దగ్గర చదివిన ఒక అమ్మాయి పట్నంలో కాలేజీలో చేరాక, ఒక దుకాణం గోడమీద క్యాలెండర్‌లో తమ గూడెం రేవును గుర్తుపట్టింది. నీళ్లలో నిలబడింది ఆమె సొంత నాయనమ్మ. కింద 'ప్రకృతి ఒడిలో' అని రాసి ఉంది. నాయనమ్మ పేరు లేదు. ఆమె ఆ నీళ్లు మోయడానికి ఎంత గుట్ట ఎక్కుతుందో లేదు. ఆ అమ్మాయి క్యాలెండర్ అడిగి తీసుకుని, మడిచి, సంచిలో పెట్టుకుని వచ్చేసింది. మాకు చూపించినప్పుడు ఏమీ మాట్లాడలేదు. వాళ్లకు రోము సాకు అయితే వీళ్లకు 'గిరిజన సంస్కృతి' సాకు అయింది.

బొమ్మ కథ ఇంతటితో అయిపోలేదు. దీన్ని కొన్నది ఎవరో తెలిసినప్పుడు మేము ఆశ్చర్యపోయాం. పియర్స్ సబ్బుల కంపెనీ! సబ్బు ప్రకటనకు వాడాలని కొన్నారని, తర్వాత ఎందుకో వాడలేదని చెబుతారు. ఆ కంపెనీకి ఇది అలవాటే. మిలే అనే చిత్రకారుడు 1886లో సబ్బు బుడగలు ఊదే పిల్లవాడి బొమ్మ గీస్తే, దాన్ని తీసుకుని పక్కన సబ్బు బిళ్ల చేర్చి ప్రకటన చేసింది. ఎప్పుడూ సబ్బు ముట్టని రోము మనిషిని సబ్బు అమ్మడానికి కొనడం విడ్డూరం కదా. అదే కంపెనీ 1880ల్లో ఇంకో ప్రకటన వేసింది. నల్ల పిల్లవాడు తొట్టిలో కూర్చుంటాడు, తెల్ల పిల్లవాడు సబ్బుతో కడుగుతాడు, లేచేసరికి నల్ల పిల్లవాడి మొహం తప్ప ఒళ్లంతా తెల్లబడి ఉంటుంది. నలుపు అంటే మురికి అని చెప్పే ప్రకటన అది. మన పిల్లలు హాస్టల్ అద్దం ముందు మొహం రుద్దుకోవడం చూసిన టీచర్లకు ఆ పాఠం ఎంత దూరం వచ్చిందో వేరే చెప్పనక్కర్లేదు.

తర్వాత పియర్స్ కంపెనీ లీవర్ బ్రదర్స్ చేతికి వచ్చింది, దానితో ఈ బొమ్మ కూడా. విలియం లీవర్ సన్‌లైట్ సబ్బు తయారుచేసినవాడు. లివర్‌పూల్ దగ్గర పనివాళ్ల కోసం పోర్ట్ సన్‌లైట్ అనే ఊరు కట్టించాడు. చక్కటి ఇళ్లు, తోటలు. 1922లో చనిపోయిన భార్య పేరుతో అక్కడ చిత్రశాల తెరిచాడు. ఈ బొమ్మ ఇవాళ్టికీ ఆ లేడీ లీవర్ ఆర్ట్ గ్యాలరీలోనే ఉంది. ఆ సన్‌లైట్ సబ్బు పెట్టెలు 1888లోనే కలకత్తా రేవులో దిగాయి. అలా మన దేశపు ఇళ్లలోకీ వచ్చింది.

సబ్బుకు నూనె కావాలి. 1911లో లీవర్ బెల్జియం ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని ఆఫ్రికాలోని కాంగో అడవుల్లో పామాయిల్ గెలల మీద హక్కు సంపాదించాడు. అక్కడ ఒక ఊరికి లీవర్‌విల్ అని తన పేరే పెట్టాడు. ఆ చెట్లు అక్కడి జనం తరతరాలుగా ఎక్కి గెలలు కోసుకున్న చెట్లు. ఇప్పుడు అదే చెట్లు కంపెనీ కోసం ఎక్కమన్నారు. పన్నులు కట్టాలంటే ఎక్కక తప్పదు. ఎక్కనివాళ్లను అధికారుల బలంతో ఎక్కించారు. జీలుగు చెట్టు ఎక్కేవాళ్లు మన ఇళ్లల్లోనే ఉన్నారు. ఆ ఎత్తులో కాలు జారితే ఏమవుతుందో మనకు తెలుసు. 1931లో అక్కడి పెండే ప్రజలు తిరగబడ్డారు. ప్రభుత్వ సైన్యం వందలమందిని చంపి ఆ తిరుగుబాటును అణిచివేసింది. మన్యం తిరుగుబాటు కథ, జోడేఘాట్ కథ వింటూ పెరిగిన మనకు ఈ కథ పరాయిది కాదు.

ఆల్మా-టడేమా 1912లోనే చనిపోయాడు. కాంగోలో జరిగిన దానికి ఆయన్ని దోషిగా నిలబెట్టడం న్యాయం కాదు, మేము ఆ పని చేయడం లేదు. మేము చెప్పేది ఒకటే. బొమ్మ లోపల వెచ్చదనం ఉంది, దాని కట్టెలు మోసినవాడు లేడు. బొమ్మను వేలాడదీసిన గోడ వెనక నురగ ఉంది, దాని గెలలు కోసినవాడు లేడు. రెండు చోట్లా ఒకే మనిషి కనబడకుండా పోయాడు. కుంకుడుకాయ, శీకాయ ఏరి జీసీసీకి అమ్మే మన ఆడవాళ్లను తలుచుకుంటే, ఆ కనబడని మనిషి మొహం మనకు కొంత తెలిసినట్టే ఉంటుంది.

ఇదంతా రాశాక టీచరమ్మకు చదివి వినిపించాం. మొత్తం విని, "ఆమెను తిట్టకండి" అంది. మాకు అర్థం కాలేదు. "పడుకోవడం తప్పా? మా అమ్మ ఒక్కరోజు అలా పడుకోవడం నేను చూడలేదు. వేడి నీళ్లు పోసుకుని, ఎవరూ పిలవకుండా, ఎండెక్కేదాకా. ఆమెకు దొరికింది, మా అమ్మకు దొరకలేదు. అంతే చెప్పండి."

ఆమె మాట నిజం. ఈ బొమ్మలో మేము కాదనలేనిది ఆ విశ్రాంతి. ఒక ఒళ్లు బరువంతా దించి రాయికి అప్పగించిన తీరు. అది ప్రతి మనిషికీ రావలసింది. అందుకే బొమ్మను దాచేయమని మేము అనడం లేదు. పెద్ద పిల్లలకు చూపించవచ్చు, కానీ తర్వాతి బొమ్మకు పారిపోకుండా చూపించాలి. వేడి ఎక్కడినుంచి వచ్చింది, బొమ్మ బయట ఎవరున్నారు, ఎవరు చూడ్డానికి దీన్ని గీశారు అని అడగనివ్వాలి. అవే ప్రశ్నలు సినిమా పాటకూ, దుకాణం క్యాలెండర్‌కూ, మన జాతరలో సెల్‌ఫోన్‌తో తీసే ఫొటోలకూ వేయనివ్వాలి. మనం తీసే ఫొటోలు కూడా అందులో ఉన్నాయని మరిచిపోవద్దు.

పోయిన ఏడు మా తొమ్మిదో తరగతికి ఆ బొమ్మ చూపకుండా ఆ గది గురించి మాత్రమే చెప్పాం. నేల కింద ఇటుక స్తంభాలు, పొయ్యి, దొర్లే బంతి. తర్వాత ఎవరికి తోచింది వాళ్లను గీయమన్నాం. చాలామంది కట్టెలు మోసేవాళ్లను గీశారు. ఒకడు బంతి మాత్రమే గీశాడు. ఒక అమ్మాయి పొయ్యి దగ్గర నిద్రపోతున్న మనిషిని గీసింది. అతని తల కింద జంతుచర్మం మడిచి పెట్టింది. ఆ బొమ్మను మా తరగతి గోడకు అంటించాం. ఇంకా అక్కడే ఉంది.